చెరువు గట్టు మీద మెమరీ లీక్: ఆరు వారాల డైరీ

ఏప్రిల్ 6, ఉదయం

ఐదింటికి మావయ్య ఫోన్. "ఒరేయ్, నీ డబ్బా రాత్రి మోగలేదేంట్రా? నాలుగో చెరువులో రొయ్య గట్టుకొచ్చేసింది."

నీళ్లలో ఆక్సిజన్ అందకపోతేనే రొయ్య అలా వస్తుంది. నిద్రమత్తు అంతా ఒక్కసారిగా దిగిపోయింది. కాపలా ఉండే తాతగారు మూడున్నరకి టార్చి వేసి చూశారు కాబట్టి సరిపోయింది. ఆపి ఉంచిన రెండు ఏరియేటర్లు (నీళ్లని చిలికి గాలి కలిపే మోటార్లు) కూడా ఆన్ చేసి, తెల్లారేదాకా గట్టు మీదే కూర్చున్నారట. నష్టమేమీ జరగలేదు. కానీ ఆయన ఆ రాత్రి నిద్రపోయి ఉంటే? ఈ ప్రశ్న పొద్దున్నుంచీ నన్ను వదలడం లేదు. ఆయన్ని నిద్రపోనివ్వడానికే కదా నేను ఆ డబ్బా పెట్టింది.

ముందు అక్కడున్నదేంటో రాసుకుంటాను. భీమవరం దగ్గర మావయ్యకి ఆరు వనామి రొయ్యల చెరువులున్నాయి. ఒక్కో చెరువులో నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని, అంటే డీవోని, కొలిచే ప్రోబ్ ఒకటి. దానికి తగిలించిన ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు ఐదు సెకన్లకోసారి ఒక మెసేజ్ పంపుతుంది. షెడ్డులో 512 ఎంబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ ఉంది. దాని మీద నేను సీ భాషలో రాసిన ప్రోగ్రాం ఆ మెసేజ్‌లన్నీ చదువుతుంది. డీవో లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి దిగితే జీఎస్‌ఎం మోడెం (సిమ్ వేసుకుని ఫోన్ చేసే పరికరం) నుంచి మావయ్యకి, తాతగారికి ఫోన్ చేస్తుంది. పగలు ఎండకి నీటిలోని ప్లాంక్టాన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక ఆ ప్లాంక్టానూ రొయ్యా అడుగున ఉన్న మడ్డీ అన్నీ దాన్ని వాడుకునేవే. అందుకే తెల్లవారుజామున డీవో అన్నిటికంటే కిందికి పోతుంది. ఈ ప్రోగ్రాం అసలు పని చేయాల్సింది ఆ మూడు నాలుగు గంటలే.

రాస్ప్‌బెర్రీ పై లోకి లాగిన్ అయి, దాన్ని నడిపే లైనక్స్ కెర్నల్ రాసుకునే లాగ్ చూశాను. రాత్రి 2 గంటల 52 నిమిషాలకి ఒక లైన్ ఉంది: అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్, పక్కనే నా ప్రోగ్రాం పేరు. అది అప్పటికి పట్టుకున్న మెమరీ 280 ఎంబీ పైమాటే. మార్చి 12న మొదలుపెట్టినప్పుడు అది 4 ఎంబీ చిల్లర. ఎస్‌డీ కార్డు పాడవకూడదని స్వాప్ (ర్యామ్ చాలకపోతే కార్డు మీద వాడుకునే చోటు) తీసేశాను కాబట్టి, ర్యామ్ అయిపోగానే కెర్నల్ ఎక్కువ తింటున్నవాణ్ణి వెతికి చంపేసింది. దాని తప్పేమీ లేదు. 24 రోజుల్లో 4 నుంచి 280 దాకా పెంచింది నేను. ప్రోగ్రాం తీసుకున్న మెమరీని ఇలా తిరిగి ఇవ్వకపోవడాన్నే మెమరీ లీక్ అంటారు.

ఏప్రిల్ 6, రాత్రి

ప్రస్తుతానికి రెండు పనులు చేశాను. ఒకటి, ప్రోగ్రాం చచ్చిపోతే సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రాంలని మొదలుపెట్టి చూసుకునేది) దాన్ని మళ్లీ లేపేలా సెట్ చేశాను. ఇది మొదటి రోజే ఉండాల్సింది. రెండు, పది నిమిషాలకోసారి ప్రాక్ ఫోల్డర్లోని స్టేటస్ ఫైల్ నుంచి వీఎం-ఆర్‌ఎస్‌ఎస్ అంకె తీసి ఒక ఫైల్లో రాసే చిన్న స్క్రిప్ట్ పెట్టాను. ప్రాసెస్ నిజంగా ఎంత ర్యామ్ పట్టుకుని కూర్చుందో చెప్పే అంకె అది.

ఫోన్లో ఒక ఫ్రెండ్ అన్నాడు, "రోజూ సాయంత్రం ఒకసారి రీస్టార్ట్ చేసెయ్, గొడవ వదిలిపోద్ది" అని. చాలా చోట్ల అలానే నడుస్తుందని నాకూ తెలుసు. కానీ నాకు ఒప్పబుద్ధి కాలేదు. మెమరీ ఎక్కడ పోతోందో తెలియనప్పుడు, రేపు అది ఇరవై రెట్లు వేగంగా పోదని ఎవరు చెప్పగలరు? పూత మందు రాసుకుంటూ కూర్చుంటే లోపలి పుండు ఎంత పెద్దదో ఎప్పటికీ తెలీదు.

ఏప్రిల్ 9

మూడు రాత్రుల అంకెలు వచ్చాయి. గ్రాఫ్ గీస్తే మెట్లలా ఉంది. పగలంతా గీత బల్లపరుపుగా ఉండి, రాత్రి పది నుంచి ఎక్కడం మొదలుపెట్టి, ఉదయం ఆరింటికి ఆగిపోతోంది. ఒక్కో రాత్రికి 11 నుంచి 12 ఎంబీ. 24 రాత్రులకి లెక్క వేస్తే 280 దగ్గరికి వస్తుంది. కెర్నల్ లాగ్‌లో ఉన్న అంకెతో సరిపోయింది.

ప్రోగ్రాం ఎందుకు తెల్లవారుజామునే చచ్చిపోయిందో కూడా దీంతో తేలింది. పగలు మెమరీ పెరగనే పెరగదు. అంటే అయిపోవడమంటూ జరిగితే అది రాత్రే జరగాలి. కొంచెం అటూఇటూగా అదే మాకు ప్రమాదమున్న సమయం.

రాత్రి మాత్రమే జరిగే పని ఏముంది? ముందు లాగ్ ఫైళ్లు మార్చే క్రాన్ (టైము ప్రకారం పనులు నడిపేది) మీద అనుమానం వచ్చింది. అది రాత్రికి ఒక్కసారే నడుస్తుంది, గీత మాత్రం ఎనిమిది గంటలు ఎక్కుతోంది. కాబట్టి అది కాదు.

ఏప్రిల్ 10

మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఎండ లేకపోతే డీవో తగ్గుతుందని మావయ్య ఒంటిగంటకే ఏరియేటర్లు వేయించాడు. సాయంత్రం గ్రాఫ్ తీస్తే, ఒంటిగంట నుంచి మూడింటి వరకు గీత ఎక్కి ఉంది! పట్టపగలు.

అంటే సంగతి రాత్రిది కాదు, ఏరియేటర్లది. మోటార్లు తిరిగినప్పుడల్లా నా ప్రోగ్రాంలో మెమరీ పోతోంది. మోటారుకీ మాలాక్‌కీ (సీలో మెమరీ అడిగి తీసుకునే ఫంక్షన్) మధ్య సంబంధం ఏంటో కనుక్కోవాలి.

ఏప్రిల్ 11

గట్టు మీదికి వెళ్లి చూశాను. చూడగానే అర్థమైంది. ప్రోబ్ నుంచి బోర్డుకి రీడింగ్ తెచ్చే ఆర్‌ఎస్485 వైరు, ఏరియేటర్ కరెంటు కేబుల్, రెండూ ఒకే పీవీసీ పైపులో ఉన్నాయి. తవ్వకం పని తగ్గుతుందని నేనే ఒప్పుకున్నాను. మోటార్లు తిరుగుతుంటే ఆ కరెంటు గోల ప్రోబ్ వైరులోకి ఎక్కుతోంది. రీడింగ్ చెడిపోయి సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో సరిచూసే అంకె) సరిపోకపోతే ఈఎస్‌పీ32 డీవో విలువ మైనస్ ఒకటి అని పంపుతుంది. నా ప్రోగ్రాం దాన్ని చూసి "ఇది చెల్లదు" అని పక్కన పడేసి తర్వాతి మెసేజ్‌కి పోతుంది. ఐదు సెకన్లకో మెసేజ్ వస్తుంది కాబట్టి కొన్ని పోయినా గ్రాఫ్‌లో తేడా కనపడదు. అందుకే ఇన్నాళ్లూ నా కంట పడలేదు.

ఎన్ని పోతున్నాయో లెక్కపెట్టడానికి ఒక కౌంటర్ పెట్టాను. ఏరియేటర్లు తిరిగేటప్పుడు వచ్చే మెసేజ్‌లలో దాదాపు మూడో వంతు చెల్లనివే. రాత్రి ఎనిమిది గంటల్లో ఆరు చెరువులకి 34,560 మెసేజ్‌లు వస్తాయి. మూడో వంతంటే 11,500. రాత్రికి పోతున్నది 11.5 ఎంబీ అనుకుంటే, ఒక్కో చెడ్డ మెసేజ్‌కి ఒక కిలోబైటు!

ఇక్కడ నాకు టెంప్టేషన్ వచ్చింది. వైర్లు వేరు చేస్తే చెడ్డ మెసేజ్‌లు పోతాయి, లీకూ కనపడకుండా పోతుంది. కానీ పోదు, దాక్కుంటుంది. వానాకాలంలో ఏ కనెక్టర్లోకో నీళ్లు దిగి రీడింగ్‌లు చెడిన రోజు మళ్లీ బయటికొస్తుంది. అందుకే వైర్లు ఇప్పట్లో ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. ముందు ప్రోగ్రాం, తర్వాతే తవ్వకం.

ఏప్రిల్ 13

రెండు రోజులూ ల్యాప్‌టాప్ దగ్గరే. చెరువుల నుంచి వచ్చే మెసేజ్‌లని ఒక రాత్రంతా ఫైల్లోకి రికార్డు చేసి, అందులోంచి వెయ్యి చెడ్డవి వేరు చేసుకున్నాను. వాటిని ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాంకి తినిపిస్తూ వాల్‌గ్రిండ్ కింద నడపాలని ప్లాన్. వాల్‌గ్రిండ్ అనేది ప్రోగ్రాంని తన చేతిలో పెట్టుకుని, అది తీసుకున్న ప్రతి మెమరీ ముక్కకీ లెక్క రాసే టూల్. జూలియన్ సీవార్డ్ మొదలుపెట్టిన ఈ టూల్ 2002 నుంచీ అందరికీ ఉచితంగా దొరుకుతోంది. దీని కింద ప్రోగ్రాం పది నుంచి ముప్ఫై రెట్లు నెమ్మదిస్తుంది. అందుకే పై మీద కాకుండా ల్యాప్‌టాప్ మీద పెట్టాను.

మొదటి రెండు ప్రయత్నాలు వృథా అయ్యాయి. ఇవి రాసిపెట్టుకోవడం మంచిది, ఎవరికైనా ఇలాగే అవుతుంది. నా ప్రోగ్రాం ఆగకుండా నడిచేది. లీకుల లెక్కేమో ప్రోగ్రాం ముగిసినప్పుడు వస్తుంది. నేను గట్టిగా చంపేసరికి రిపోర్టే రాలేదు. సిగ్‌టర్మ్ (ఇక ఆగమని చెప్పే సిగ్నల్) వస్తే లూప్‌లోంచి మర్యాదగా బయటికొచ్చేలా నాలుగు లైన్లు రాయాల్సి వచ్చింది. రెండోసారి రిపోర్టు వచ్చింది కానీ ఫంక్షన్ పేర్ల పక్కన ఏ ఫైల్లో ఏ లైనో లేదు. సీ కంపైలర్ జీసీసీకి డీబగ్ ఆప్షన్ ఇచ్చి మళ్లీ కంపైల్ చేశాను.

మూడోసారి వచ్చింది ఇది:

డెఫినెట్లీ లాస్ట్: 1,000 బ్లాకుల్లో 64,000 బైట్లు. ఇండైరెక్ట్లీ లాస్ట్: 17,000 బ్లాకుల్లో దాదాపు ఐదున్నర లక్షల బైట్లు.

ఈ అంకెల్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. వెయ్యి మెసేజ్‌లకి వెయ్యి బ్లాకులు, ఒక్కోటి 64 బైట్లు. మెసేజ్ జేసాన్ (పేరూ విలువా జతలుగా రాసే పద్ధతి) రూపంలో వస్తుంది, దాన్ని విప్పడానికి సీజేసాన్ అనే లైబ్రరీ వాడుతున్నాను. అది మెసేజ్‌ని చెట్టులా కడుతుంది, ఒక్కో విలువకి ఒక నోడ్. ఆ నోడ్ సైజు 64 బిట్ మెషిన్ మీద సరిగ్గా 64 బైట్లు. అంటే డెఫినెట్లీ లాస్ట్ అన్నది ప్రతి మెసేజ్ చెట్టుకీ వేరు లాంటి మొదటి నోడ్. నా మెసేజ్‌లో ఎనిమిది ఫీల్డులున్నాయి: చెరువు నంబరు, టైము, డీవో, ఉష్ణోగ్రత, పీహెచ్, ఉప్పదనం, బ్యాటరీ, వరస సంఖ్య. ఎనిమిది ఫీల్డులకి ఎనిమిది నోడ్లు, వాటి పేర్లకి ఎనిమిది స్ట్రింగులు (అక్షరాల వరసలు), చెరువు నంబరు అక్షరాల్లో ఉంటుంది కాబట్టి దానికి ఇంకొకటి. మొత్తం 17. వేలు పెట్టి లెక్కపెట్టినట్టు సరిపోయింది. వేరు పోయింది కాబట్టి దానికి వేలాడే 17 ముక్కలూ పోయాయి. అవే ఇండైరెక్ట్లీ లాస్ట్.

మరి కిలోబైటు లెక్క? ఈ రిపోర్టులో మెసేజ్‌కి 620 బైట్లే వస్తున్నాయి. వాల్‌గ్రిండ్ చెప్పేది నేను అడిగిన బైట్లు. మాలాక్ ఇచ్చేటప్పుడు ప్రతి ముక్కకీ తన లెక్కల కోసం కొంచెం కలిపి, 16 గుణిజానికి పెంచి ఇస్తుంది. 64 అడిగితే 80 పోతుంది. ఐదు బైట్ల పేరు అడిగినా 32 పోతుంది. తొమ్మిది నోడ్లకి 720, తొమ్మిది స్ట్రింగులకి 288, మొత్తం 1,008. గట్టు మీద వేసిన ఉజ్జాయింపు లెక్కా, ల్యాప్‌టాప్‌లో తేలిన లెక్కా కలిశాయి. ఈ ప్రాజెక్టులో నాకు బాగా సంతోషమేసింది ఇప్పుడే.

ఏప్రిల్ 14

దొంగ దొరికినట్టే కానీ, వాల్‌గ్రిండ్ చూపించేది మెమరీ ఎక్కడ తీసుకున్నామో ఆ లైన్ని. ఎక్కడ వదిలేయడం మర్చిపోయామో అది చెప్పలేదు, చెప్పడం కుదరదు కూడా, ఎందుకంటే లేని లైన్ని ఏ టూలూ చూపించలేదు. రిపోర్టులో ఉన్న 118వ లైన్లో తప్పేమీ లేదు. మెసేజ్‌ని పార్స్ చేసే, అంటే విప్పి చదివే, మామూలు లైనది.

ఆ ఫంక్షన్‌ని కాగితం మీద ప్రింట్ తీసి, బయటికొచ్చే దారులన్నిటికీ ఎర్ర పెన్నుతో గీత గీశాను. రిటర్న్ ఐదు చోట్ల ఉంది. చెట్టుని విడుదల చేసే డిలీట్ కాల్ ఒక్కచోటే ఉంది, చివరి రిటర్న్‌కి ముందు. అన్నీ సవ్యంగా జరిగితే ప్రోగ్రాం ఆ దారిలోనే వస్తుంది. పార్స్ అసలు కుదరని దారిలో ఇబ్బంది లేదు, అప్పుడు లైబ్రరీయే శుభ్రం చేసుకుని నల్, అంటే ఖాళీ, ఇస్తుంది. మిగిలిన మూడూ చిల్లులే: చెరువు నంబరు లేకపోతే, డీవో ఫీల్డు లేకపోతే, డీవో సున్నాకీ ఇరవైకీ మధ్య లేకపోతే. మైనస్ ఒకటి పోయేది ఈ చివరి దాంట్లోంచి.

సీలో ఇలాంటి వాటికి పాత పద్ధతి ఒకటుంది. బయటికి పోయే దారులన్నీ గోటూతో (వేరే లైనుకి నేరుగా దూకే ఆజ్ఞ) ఒకే చివరికి తెచ్చి, అక్కడ ఒక్కసారి విడుదల చేయడం. కాలేజీలో గోటూ వాడితే మార్కులు కోసేవాళ్లు. లైనక్స్ కెర్నల్ కోడ్ నిండా ఇదే పద్ధతి ఉంటుంది. నేనూ అలాగే మార్చాను.

మార్చగానే ఇంకో తప్పు చేశాను. చెట్టుని విడుదల చేశాక, లాగ్‌లో చెరువు నంబరు రాయడానికి ఆ చెట్టులోంచి తీసిన పాయింటర్నే (మెమరీలో చోటు చూపే చిరునామా) వాడాను. గెట్ ఆబ్జెక్ట్ ఐటమ్ ఇచ్చేది కాపీ కాదు, చెట్టు లోపలి కొమ్మ. చెట్టు పోయాక కొమ్మ ఎక్కడుంటుంది? మెమరీ తప్పుల్ని పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి కంపైల్ చేసి నడిపితే హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ, అంటే ఇచ్చేసిన మెమరీని మళ్లీ వాడుతున్నావు, అని వెంటనే ఆపేసింది. లీకు కంటే ఇది ప్రమాదం. లీకు నెమ్మదిగా చంపుతుంది, ఇదైతే తప్పుడు చెరువు పేరుతో అలారం మోగించగలదు. పేరుని ముందే చిన్న అర్రేలోకి కాపీ చేసుకున్నాను.

సాయంత్రం మావయ్య అడిగాడు, "లీకంటే ఏంట్రా, ఎక్కడ కారుతోంది?" అని. ఆయనకి చెప్పిన మాటే ఇక్కడ రాస్తున్నాను. పెళ్లికి టెంట్‌హౌస్ నుంచి గిన్నెలు, కుర్చీలు తెస్తాం, తెచ్చినదానికి చీటీ ఇస్తారు. పని అయ్యాక సామాను అప్పగించాలి. నేను చీటీలు పారేసుకున్నాను. ఏ సామాను ఏ మూల ఉందో తెలీదు, అప్పగించలేను, ఇంకొకరికి వాడుకోనూ లేను. రోజూ కొత్తవి తెస్తూనే ఉన్నాను. ఒకరోజు టెంట్‌హౌస్ ఖాళీ. మావయ్య విని, "మరి చెడిపోయిన వంటకి తెచ్చిన గిన్నెలే అప్పగించలేదన్నమాట" అన్నాడు. సరిగ్గా అంతే.

ఏప్రిల్ 16

కొత్త ప్రోగ్రాం పై మీద పెట్టి రెండు రాత్రులైంది. గీత 4.2 ఎంబీ దగ్గర కదల్లేదు. చెడ్డ మెసేజ్‌లు మాత్రం అలాగే మూడో వంతు వస్తున్నాయి. నాకు కావలసింది అదే.

ఇది నడుస్తుండగా లండన్ అంబులెన్స్ సర్వీస్ కథ మళ్లీ గుర్తు చేసుకున్నాను. 1992 అక్టోబర్ 26న వాళ్లు అంబులెన్సుల్ని పంపే పనిని కంప్యూటర్‌కి అప్పగించారు, మొదటి రోజే అస్తవ్యస్తమైంది. తర్వాత నవంబర్ 4న రాత్రి రెండు దాటాక సిస్టమ్ నెమ్మదించి పూర్తిగా ఆగిపోయింది. విచారణలో తేలిన కారణం, అంతకు మూడు వారాల ముందు ఒక ప్రోగ్రామర్ వదిలేసిన చిన్న కోడ్ ముక్క. ఒక్కో బండిని పంపినప్పుడల్లా అది ఫైల్ సర్వర్లో కొంచెం మెమరీ తీసుకుని తిరిగి ఇవ్వలేదు. మూడు వారాలకి మెమరీ నిండుకుంది. ఆ సిబ్బంది కాగితాలకీ ఫోన్లకీ మళ్లి పని నడిపారు. మాకు టార్చి పట్టుకున్న తాతగారు ఉన్నట్టే.

ఈ కథ చదివిన ప్రతిసారీ నేను ఆగేది ఆ మూడు వారాల దగ్గరే. టెస్టింగ్‌లో ఎవరూ ప్రోగ్రాంని మూడు వారాలు వదిలి చూడరు. నేనూ చూడలేదు, రెండు రోజులు చూసి "బాగానే ఉంది" అనుకుని గట్టు మీద పెట్టేశాను.

ఏప్రిల్ 19

చెడ్డరోజు టెస్ట్ అని ఒకటి రాశాను. సగంలో తెగిన జేసాన్, ఫీల్డు లేని మెసేజ్, అంకె ఉండాల్సిన చోట అక్షరాలు, మైనస్ ఒకటి, ఖాళీ మెసేజ్. ఒక్కో రకం పదివేల చొప్పున పంపి, ముందూ వెనకా మెమరీ చూసి తేడా ఉంటే ఫెయిల్ అంటుంది. మూడు వారాలు ఆగక్కర్లేదు, మూడు నిమిషాలు చాలు. కొత్త వెర్షన్ పెట్టే ముందు ఇది తప్పకుండా నడవాలి.

ఇది అయ్యాకే వైర్ల పని. ప్రోబ్ వైర్లని వేరే పైపులో, మోటారు కేబుల్‌కి రెండడుగుల దూరంగా వేశాం. షీల్డ్ ఉన్న కేబుల్ కొని, షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేశాం. చెల్లని మెసేజ్‌లు వందకి ఒకటికి తగ్గాయి.

ఏప్రిల్ 29

గాలివాన వచ్చి ఊళ్లో ఇంటర్నెట్ రెండు రోజులు పోయింది. అలారం మోడెం సిమ్ మీద నడుస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కానీ మెమరీ గీత మళ్లీ ఎక్కింది. రెండు రోజుల్లో 33 ఎంబీ. గుండె జారిపోయింది.

ల్యాప్‌టాప్‌లో నెట్ తీసేసి వాల్‌గ్రిండ్ కింద నడిపితే ఏమన్నదో తెలుసా? తీసుకున్న బ్లాకులన్నీ తిరిగి ఇచ్చేశారు, లీకు ఉండే అవకాశమే లేదు అంది. అది చెప్పింది అక్షరాలా నిజం. సర్వర్‌కి పంపలేని రీడింగుల్ని నేను ఒక క్యూలో దాస్తున్నాను, నెట్ వచ్చాక పంపడానికి. ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఆ క్యూని పద్ధతిగా ఖాళీ చేస్తున్నాను. టెంట్‌హౌస్ మాటల్లో చెప్తే, ఈసారి చీటీలన్నీ జేబులో భద్రంగా ఉన్నాయి. కానీ సామాను ఇంట్లో కప్పు దాకా పేరుకుంది. చీటీ పోయిన లీకుని టూల్ పట్టుకుంటుంది. హద్దు లేని క్యూని అది పట్టుకోలేదు, ఎందుకంటే అది నేను కావాలని దాచుకున్నదో, మర్చిపోయినదో దానికి తెలీదు.

వాల్‌గ్రిండ్‌తోనే వచ్చే మాసిఫ్ ఇక్కడ పనికొచ్చింది. అది పోయినదాన్ని కాక, ఉన్నది ఎవరి చేతిలో ఎంత ఉందో కొంచెంసేపటికోసారి ఫొటో తీసినట్టు రాస్తుంది. క్యూలోకి చేర్చే ఫంక్షన్ వాటా ప్రతి ఫొటోకీ పెరుగుతూ పోయింది.

లెక్క కూడా సరిపోయింది. రీడింగుని జేసాన్ స్ట్రింగ్‌గానే దాస్తున్నాను, దానికి 128 బైట్లు, దాన్ని క్యూలో గొలుసులా కలిపే లింక్డ్ లిస్ట్ నోడ్‌కి 32. రోజుకి 1,03,680 రీడింగులు, ఒక్కోటి 160 బైట్లు, అంటే రోజుకి 16.6 ఎంబీ. అదే రీడింగుని అంకెలుగా ఒక స్ట్రక్ట్‌లో (విలువల్ని పక్కపక్కనే పెట్టే సీ పెట్టె) పెడితే 32 బైట్లు, రోజు మొత్తానికి 3.3 ఎంబీ. ఇంత చిన్నదానికి లిస్టు ఎందుకు? ఒక రోజుకి సరిపడా అర్రే ఒక్కసారి పెట్టేసి, నిండితే పాతదాని మీద కొత్తది రాసేలా రింగ్ బఫర్ చేశాను. మీద రాయబోయే ముందు పాతది ఇంకా పంపకపోతే దాన్ని ఎస్‌డీ కార్డులో ఫైల్లోకి చేరుస్తుంది.

ఒకటి నిర్ణయించాల్సి వచ్చింది: నెట్ వారం రోజులు రాకపోతే, కార్డు కూడా నిండితే? పాత రీడింగులు పోనిద్దాం అనుకున్నాను. గత వారం డీవో ఎంతో తెలియకపోయినా రొయ్య బతుకుతుంది.

మే 3

చెడ్డరోజు టెస్ట్‌కి మోడెం ఫెయిల్ అవడాన్ని కూడా చేర్చాను. ఒక గంటలో తెలిసింది: ప్రాసెస్ తెరిచి ఉంచిన ఫైళ్లు 11 ఉండాల్సిన చోట 74 ఉన్నాయి. మోడెం ఓకే అంటే సీరియల్ పోర్ట్ మూస్తున్నాను, టైమౌట్ అయితే మూయడం లేదు. 1,024 దాటితే కొత్త ఫైల్ తెరవనివ్వదు, అప్పుడు అలారం కాల్ వెళ్లదు. మెమరీ కాకపోయినా జబ్బు అదే, ఉన్న చోటూ అదే: తప్పు జరిగినప్పుడు నడిచే దారి. పది నిమిషాల్లో సరిచేశాను.

మే 5

ఈ ఉదయం కొత్త వెర్షన్ పెట్టాను. గీత మళ్లీ ఎక్కుతోంది! నెట్ ఉంది, చెడ్డ మెసేజ్‌లు లేవు. ఉదయం 4.2, సాయంత్రానికి 5.8. ఒకటే టెన్షన్. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మే 6

24 గంటలు నిండగానే 7.4 దగ్గర ఆగిపోయింది. అప్పుడు వెలిగింది. రింగ్ బఫర్ అర్రే ప్రోగ్రాంలో మొదటి నుంచీ ఉన్నా, లైనక్స్ దానికి నిజమైన ర్యామ్ ముందే ఇవ్వదు. ఒక్కో పేజీలో (మెమరీలో ఒక చిన్న ముక్క) మొదటిసారి రాసినప్పుడే ఇస్తుంది. రింగ్ నిండటానికి ఒక రోజు పడుతుంది కాబట్టి రోజంతా పెరిగినట్టు కనపడింది. లీకు కాదు. మొదలుపెట్టగానే మొత్తం అర్రేలో సున్నాలు రాసేలా ఒక లైన్ పెట్టాను. ఇప్పుడు మొదటి నిమిషంలోనే 7.4కి వెళ్లి అక్కడే ఉంటోంది. ఏమాత్రం కదిలినా అనుమానించాల్సిందే అని ఇక ధైర్యంగా చెప్పగలను. మెమరీ ఎంత తీసుకుంటోందన్నది నాకు అంత ముఖ్యం కాదు, గీత అడ్డంగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో పనిచేసిన జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో ప్రమాదకరమైన చోట్ల నడిచే కోడ్‌కి పది నియమాలు రాశాడు. అందులో ఒకటి, మొదలయ్యాక మాలాక్ పిలవకూడదు అని. ఇంతకుముందు చదివినప్పుడు మరీ చాదస్తం అనిపించింది. ఇప్పుడు నా ప్రోగ్రాంలో జేసాన్ విప్పే చోటు తప్ప అంతా అలాగే అయింది. దాన్ని కూడా తీసేద్దామని ఉంది. ఎనిమిది ఫీల్డుల మెసేజ్‌కి చెట్టు అక్కర్లేదు, 32 బైట్ల స్ట్రక్ట్‌నే ఈఎస్‌పీ32 నుంచి నేరుగా పంపొచ్చు.

మే 19

రాత్రి 3 గంటల 40 నిమిషాలకి రెండో చెరువు అలారం మోగింది. డీవో 3.6. తాతగారు లేచి రెండు ఏరియేటర్లు వేశారు, నాలుగున్నరకి 4.5కి వచ్చింది. మావయ్య పొద్దున ఫోన్ చేసి ఆ మాట చెప్పి, మేత రేటు పెరిగిందంటూ వేరే సంగతిలోకి వెళ్లిపోయాడు. గీత 7.4 మీదే ఉంది, పదమూడు రోజులుగా.

చెరువుల బోర్డులు పంపే బ్యాటరీ అంకె పక్కన, వాటి ఫ్రీ హీప్ (బోర్డులో ఇంకా మిగిలిన మెమరీ) కూడా పంపమని పోయిన వారం చేర్చాను. ఐదు బోర్డులవి కదలకుండా ఉన్నాయి. నాలుగో చెరువుది రోజుకి రెండొందల బైట్ల చొప్పున తగ్గుతోంది. ఆ బోర్డు వైఫై సిగ్నల్ బలహీనం, మాటిమాటికీ తెగి మళ్లీ కనెక్ట్ అవుతుంటుంది. రేపు రీకనెక్ట్ కోడ్ ప్రింట్ తీసి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోవాలి.